స్టెయిన్‌మోర్ రైలు కట్ట గురించి ఉత్తర ఇంగ్లాండ్ తెలుగువాళ్ళకి ఒక బహిరంగ లేఖ

న్యూకాసిల్, సండర్‌లాండ్, మిడిల్స్‌బ్రో, డార్లింగ్టన్, లీడ్స్ వైపు ఉంటున్న తెలుగు కుటుంబాలన్నిటికీ, మన తెలుగు సంఘాల కమిటీల్లో సొంత పనులు మానుకుని తిరుగుతున్న అన్నయ్యలకీ అక్కయ్యలకీ నమస్కారం.

ఎండలు మొదలయ్యాయంటే మనలో సగం మంది లేక్ డిస్ట్రిక్ట్ బాట పడతాం కదా, స్కాచ్ కార్నర్ దగ్గర ఏ66 ఎక్కి బోజ్ దాటి స్టెయిన్‌మోర్ కొండ మీదుగా బ్రఫ్, యాపిల్‌బీ, పెన్రిత్ అలా వెళ్ళిపోతాం. కార్లో పిల్లలు ఫోన్లలో ఉంటారు, పెద్దవాళ్ళు నిద్రపోతారు, నడిపేవాళ్ళ కళ్ళన్నీ ముందున్న లారీ మీదే. ఆ కొండ మీద రోడ్డుకి దగ్గర్లోనే ఒకప్పుడు రైలు నడిచింది, 1861 నుంచి 1962 దాకా వందేళ్ళు నడిచింది. ఇప్పుడు పట్టాల్లేవు. కట్ట ఉంది, కొన్ని వంతెనలు ఉన్నాయి, కొన్ని లేవు. ఈ లైన్ గురించి మీకు వివరంగా చెప్పి, చివర్లో రెండు పనులు అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నా. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

అసలు అంత ఎత్తు కొండ మీదకి రైలు ఎందుకు ఎక్కించారు అంటే మనుషుల కోసం కాదు, కోక్ కోసం. తూర్పున డరమ్‌లో మంచి బొగ్గు, దాన్ని కాల్చి చేసే కోక్ బోలెడంత. పడమట ఫర్నెస్, వెస్ట్ కంబర్లాండ్ అనే ప్రాంతాల వైపు హెమటైట్ అనే మేలురకం ఇనప ఖనిజం. 1856లో హెన్రీ బెసిమర్ అనే ఇంజనీరు ఉక్కు చేసే కొత్త పద్ధతి చూపించాక ఈ హెమటైట్‌కి గిరాకీ విపరీతంగా పెరిగింది, ఎందుకంటే ఆ పద్ధతిలో ఫాస్ఫరస్ ఉన్న ఖనిజం పనికిరాదు, మిడిల్స్‌బ్రో పక్కన క్లీవ్‌లాండ్ కొండల్లో దొరికే దాంట్లోనేమో ఫాస్ఫరస్ ఎక్కువ. అందుకని కోక్ పడమటికి పోవాలి, ఖనిజం తూర్పుకి రావాలి. మధ్యలో పెన్నైన్ కొండలు అడ్డం. అప్పటిదాకా సరుకంతా ఉత్తరంగా న్యూకాసిల్, కార్లైల్ మీదుగా చుట్టు తిరిగి పోయేది. ప్రపంచంలోనే పేరున్న స్టాక్టన్ అండ్ డార్లింగ్టన్ రైల్వే వెనకున్న పీజ్ కుటుంబంలో హెన్రీ పీజ్ లాంటి వాళ్ళు ముందుకొచ్చి 1857లో పార్లమెంటు చేత చట్టం చేయించుకున్నారు. సౌత్ డరమ్ అండ్ లాంకషైర్ యూనియన్ రైల్వే అని పేరు పెట్టారు, బార్నార్డ్ కాజిల్ నుంచి కర్బీ స్టీవెన్ మీదుగా టీబే దాకా. 1861 జులైలో సరుకు బళ్ళు, ఆగస్టులో మనుషుల బళ్ళు మొదలయ్యాయి. మరుసటేడే కర్బీ స్టీవెన్ నుంచి యాపిల్‌బీ మీదుగా పెన్రిత్ వైపు ఈడెన్ వ్యాలీ రైల్వే అని ఇంకో లైన్ కలిసింది. 1863కల్లా ఇవన్నీ నార్త్ ఈస్టర్న్ రైల్వే చేతిలోకి వెళ్ళిపోయాయి.

దీంట్లో మనకేం సంబంధం అనొచ్చు. పడమటి చివర బారో అనే ఊళ్ళో, ఈ కోక్ వెళ్ళిన చోటే, హెమటైట్‌తో ఉక్కు పట్టాలు చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది, అక్కడి పట్టాలు ఎన్నో దేశాలకి ఓడల్లో వెళ్ళాయి. మిడిల్స్‌బ్రో నుంచీ అంతే. ఇండియాలో మన వైపు పాత స్టేషన్లలో రేకుల షెడ్డుకి స్తంభాలుగా పాత పట్టాలు నిలబెట్టి ఉంటాయి, గమనించారో లేదో, వాటి పక్క మీద ఉబ్బెత్తు అక్షరాల్లో ఇంగ్లాండ్ కంపెనీల పేర్లూ సంవత్సరాలూ ఉంటాయి చాలా చోట్ల. ఫలానా పట్టా ఫలానా కోక్‌తో చేశారని నేను చెప్పలేను గానీ మన తాతలు ఎక్కిన రైళ్ళకీ ఈ ఖాళీ కొండకీ మధ్య ఉన్న వ్యాపారం మాత్రం ఒకటే.

ఇక వంతెనలు. ఇంజనీరు థామస్ బౌచ్. ఈ పేరు ఇంజనీరింగ్ చదివినవాళ్ళు వినే ఉంటారు, స్కాట్లాండ్‌లో టే నది మీద వంతెన కట్టి, అది 1879 డిసెంబర్ 28 రాత్రి గాలివానలో రైలుతో సహా కూలిపోతే దేశమంతా దుమ్మెత్తిపోసిన మనిషి, ఆ మరుసటేడే చనిపోయాడు. అదే మనిషి అంతకు ఇరవై ఏళ్ళ ముందు స్టెయిన్‌మోర్ మీద బీలా అనే వాగుకి అడ్డంగా కట్టిన వంతెన మాత్రం వందేళ్ళు చెక్కుచెదరకుండా నిలబడింది. 1,040 అడుగుల పొడవు, 196 అడుగుల ఎత్తు, పోత ఇనుము గొట్టాల్ని పేర్చి అడ్డకట్లు కట్టి లేపిన పదిహేను కాళ్ళు, వాటి మీద పదహారు అంకణాలు. ఇనుమంతా మిడిల్స్‌బ్రోలోని గిల్క్స్ విల్సన్ అనే కంపెనీ చేసిచ్చింది. ఆ కంపెనీయే తర్వాత పేరు మారి టే వంతెన కాంట్రాక్టు కూడా చేసింది! ఒకే ఇంజనీరు, ఒకే వంశం కంపెనీ, ఒకటేమో రెండేళ్ళు తిరక్కుండానే పోయింది, ఇంకోటి ఇంగ్లాండ్‌లోకెల్లా ఘోరమైన గాలులు వీచే చోట సెంచరీ కొట్టింది. టే సంగతి అందరికీ తెలుసు, బీలా సంగతి ఎవరికీ తెలియదు, నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. డీప్‌డేల్ దగ్గర ఇలాంటిదే ఇంకో ఇనప వంతెన, 161 అడుగుల ఎత్తు. ఇవి కాక రాతి వంతెనలు స్మార్డేల్ గిల్, పాడ్‌గిల్, మెర్రీగిల్. వాటి దగ్గరకి తర్వాత వస్తా.

లైన్ శిఖరం 1,370 అడుగుల ఎత్తున ఉండేది. పోల్చుకోవడానికి చెప్తున్నా, అందరూ గొప్పగా చెప్పుకునే సెటిల్ కార్లైల్ లైన్ శిఖరం 1,169 అడుగులే. ఈ ఎక్కుడు ఎక్కడానికి కోక్ బళ్ళకి ముందొక ఇంజన్, వెనకనుంచి తోసేందుకు ఇంకో ఇంజన్. ఇనప వంతెనల మీద బరువైన ఇంజన్లు పోకూడదని నిబంధన ఉండేది కాబట్టి చిన్న ఇంజన్లతోనే లాక్కురావాలి. ఒక్కసారి ఆలోచించండి, చలికాలం రాత్రి, పడమటి గాలి ఈడ్చి కొడుతుంటే, పైకప్పు సగమే ఉన్న పాత ఇంజన్లో ఫైర్‌మన్ పార తీసుకుని బొగ్గు వేస్తూనే ఉండాలి, కింద రెండొందల అడుగుల లోతు. 1947 చలికాలంలో మంచుకి వారాల తరబడి లైన్ మూతపడింది. 1955 ఫిబ్రవరిలో బ్లీత్ గిల్ అనే చోట ఒక గూడ్స్ బండి మంచులో కూరుకుపోతే మనుషులు పారలతో రోజుల తరబడి తవ్వి బయటికి తీశారు, ఆ పనిని ప్రభుత్వం తరఫున సినిమా కూడా తీశారు. ఆ మంచులో ఇరుక్కున్న ఇంజన్ నంబర్ 78018, అది తుక్కు కాకుండా బతికి, అభిమానులు బాగు చేయిస్తే మళ్ళీ ఆవిరి మీద తిరిగింది కూడా. ఇప్పటికీ ఏ66 అదే మంచుకి ఏటా మూసేస్తుంటారు, ఆ బోర్డులు మనకి తెలిసినవే.

నాకు ఈ లైన్ కథలో ఎప్పుడూ గుర్తొచ్చేది మాత్రం ఇంజన్లు కాదు, శుక్రవారం బండి. డరమ్ బొగ్గుగని కార్మికుల సంఘం వాళ్ళు 1930లో పడమటి తీరాన అల్వర్‌స్టన్ పక్కన కోనిస్‌హెడ్ ప్రయరీ అనే పెద్ద భవంతిని కార్మికుల కోసం విశ్రాంతి గృహంగా మార్చుకున్నారు. గనిలో దెబ్బ తగిలినవాళ్ళు, ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు, జబ్బుపడి లేచినవాళ్ళు అక్కడికెళ్ళి కొన్నాళ్ళు సముద్రం గాలి పీల్చుకుని రావాలి. వాళ్ళ కోసం పక్షానికోసారి శుక్రవారం డరమ్ నుంచి అల్వర్‌స్టన్‌కి ఒక బండి, ఇదే స్టెయిన్‌మోర్ మీదుగా, లైన్ మూసేదాకా నడిచింది. టైమ్‌టేబుల్ పుస్తకాల్లో మామూలు జనానికి కనిపించని బండి అది. భూమి లోపల బతికిన మనుషులు ఆ 196 అడుగుల ఎత్తు వంతెన మీద కిటికీలోంచి కిందికి చూసుకుంటూ వెళ్ళి ఉంటారు. ఇంకా వేసవి శనివారాల్లో బ్లాక్‌పూల్ బళ్ళు ఉండేవి, తూర్పు తీరం గని ఊళ్ళ కుటుంబాలు ఏడాదికొక్కసారి పిల్లాపాపలతో మూటాముల్లెతో సెలవలకి పోయేవాళ్ళు. మనం ఇప్పుడు ఏ66 మీద చేస్తున్న ప్రయాణం అదే అసలు, తూర్పు నుంచి పడమటికి, కష్టపడి పనిచేసేవాళ్ళు రెండ్రోజులు ఊపిరి పీల్చుకోవడానికి.

మరి ఎందుకు మూసేశారు? 1952లో టీబే వైపు రోజువారీ ప్రయాణికుల బళ్ళు ఆపేశారు. అయినా మిగతా లైన్ నడుస్తూనే ఉంది, ఇనప వంతెనల్ని బలపరిచారు, 1958లో కొత్త డీజిల్ బళ్ళు కూడా తెచ్చారు. ఇంత ఖర్చు పెట్టి ఏడాదీ రెండేళ్ళు తిరక్కుండానే 1959 చివర్లో మూసేస్తామన్నారు. మూసేయాలన్న నిర్ణయం రాకముందే 1960లో కోక్ బళ్ళన్నిటినీ మళ్ళీ న్యూకాసిల్ కార్లైల్ చుట్టుదారికి మళ్ళించేశారు. సరుకు మీదే బతికే లైన్లోంచి సరుకు తీసేస్తే లెక్కల్లో నష్టం రాక ఏం వస్తుంది? పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. స్థానికులు అభ్యంతరాలు పెట్టారు, విచారణ జరిగింది, వినేవాళ్ళు లేరు. 1961 డిసెంబర్‌లో రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ సరేననేశాడు, ఆయన మంత్రి కాకముందు రోడ్లూ వంతెనలూ కట్టే కాంట్రాక్టు కంపెనీ పెట్టిన మనిషి. 1962 జనవరి 20 శనివారం రాత్రి ఆఖరి బండి పోయింది. ఈడెన్ వ్యాలీ ప్రయాణికుల బళ్ళు కూడా ఆ రోజుతోనే సరి. జనం అంతా దేశంలో బోలెడు రైలు లైన్లు మూసేయమన్న బీచింగ్ రిపోర్టుని తిడతారు గానీ ఆ రిపోర్టు వచ్చింది 1963 మార్చిలో, అప్పటికే ఈ లైన్ పోయి ఏడాది దాటింది. ఆ 1963లోనే బీలా వంతెన విప్పేసి తుక్కుకి అమ్మేశారు. వాగుకి రెండు వైపులా రాతి గట్లు మిగిలాయి, మధ్యలో ఏమీ లేదు. దేశంలోకెల్లా అంత ఎత్తున్న వంతెనల్లో ఒకటి, ఏ తప్పూ చేయనిది, అలా పోయింది. దీన్ని మాత్రం నేను క్షమించలేను, అరవై ఏళ్ళు దాటినా సరే.

ఇప్పుడు అదే కర్బీ స్టీవెన్ ఊళ్ళో రెండో సంగతి. ఆ చిన్న ఊరికి రెండు స్టేషన్లు ఉండేవి. తూర్పు స్టేషన్ మన స్టెయిన్‌మోర్ లైన్‌ది, పడమటి స్టేషన్ సెటిల్ కార్లైల్ లైన్‌ది. ఈ రెండో లైన్‌ని కూడా 1980ల్లో మూసేద్దామన్నారు, రిబుల్‌హెడ్ వంతెన పాడైపోయింది, బాగు చేయాలంటే కోట్లు కావాలన్నారు. కానీ ఈసారి జనం ఊరుకోలేదు. వేలమంది ఉత్తరాలు రాశారు, విచారణలకి వచ్చి కూర్చున్నారు, రుస్‌వర్ప్ అనే కుక్క కాలిముద్ర వేస్తే దాన్ని కూడా అభ్యంతరంగా తీసుకున్నారు, ఎందుకంటే టికెట్ కొనుక్కుని ప్రయాణం చేసేది కదా అని. గార్స్‌డేల్ స్టేషన్లో ఆ కుక్కకి విగ్రహం ఉంది, పిల్లలకి చూపించండి. 1989 ఏప్రిల్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఇవాళ కర్బీ స్టీవెన్ పడమటి స్టేషన్లో రైలు ఆగుతుంది, లీడ్స్ నుంచి ఎక్కొచ్చు, కారు లేనివాళ్ళు కూడా వెళ్ళొచ్చు. ఒకే ఊరు, ఒకే కొండలు, ఒక లైన్ ఉంది ఒక లైన్ లేదు. తేడా అంతా మనుషులు ఎంతమంది నోరు తెరిచారు, వాళ్ళ మాట వినక తప్పని పరిస్థితి తెచ్చారా లేదా అన్నదే.

సరే ఇదంతా పాత చరిత్ర అనుకుంటే, అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం 2021లో జరిగింది.

బ్రఫ్ పక్కన గ్రేట్ మస్‌గ్రేవ్ అని ఒక పల్లె. ఈడెన్ వ్యాలీ లైన్ మీదుగా ఊరి రోడ్డు దాటడానికి 1862లో కట్టిన చిన్న ఆర్చి వంతెన ఉంది అక్కడ. చూడ్డానికి పెద్దగా ఏముండదు, పైన రోడ్డు, కింద పట్టాల్లేని దారి. పాత రైల్వే లైన్లకి సంబంధించిన వంతెనలు, సొరంగాలు, గోడలు ఇలాంటివి దేశమంతా 3,100కి పైగా ప్రభుత్వానికి మిగిలిపోయాయి, 2013 నుంచి వాటి బాధ్యత ఇప్పటి నేషనల్ హైవేస్‌ది, అంటే మన ఏ66 చూసే సంస్థే. వాళ్ళు ఈ వంతెన బరువైన లారీలకి సరిపోదు, ప్రమాదం అని చెప్పి 2021 మే, జూన్ నెలల్లో ఆర్చి కింద దాదాపు 1,600 టన్నుల కంకర, కాంక్రీటు పోసి మూసేశారు. లక్షా ఇరవై నాలుగు వేల పౌండ్లు ఖర్చు. ప్లానింగ్ పర్మిషన్ అడగలేదు, అత్యవసర పరిస్థితుల్లో పర్మిషన్ లేకుండా పని చేసుకోవచ్చని చట్టంలో ఒక క్లాజు ఉంది, దాన్ని వాడుకున్నారు. ఆ క్లాజు ప్రకారం చేసిన పని ఏడాదిలోపు తీసేయాలి, లేదంటే పర్మిషన్ తెచ్చుకోవాలి.

దానివల్ల ఎవరికి నష్టం? ఇటుపక్క కర్బీ స్టీవెన్ తూర్పు స్టేషన్‌ని పట్టుకుని స్టెయిన్‌మోర్ రైల్వే వాలంటీర్లు ఉన్నారు, అటుపక్క వార్‌కప్ దగ్గర ఈడెన్ వ్యాలీ రైల్వే వాలంటీర్లు పాత లైన్లో కొంత ముక్క మీద బళ్ళు నడుపుకుంటున్నారు, ఎప్పటికైనా ఈ రెండూ కలపాలని వాళ్ళ కల. ఆ రెండింటికీ మధ్యలో ఉంది ఈ వంతెన. కాంక్రీటు పోస్తే దారి తెగిపోయినట్టే. రైలు సంగతి పక్కన పెట్టినా సైకిల్ బాట వేద్దామన్నా అదే దారి.

ఫోటోలు బయటికొచ్చాయి. ముందు ఎంత అందంగా ఉందో, తర్వాత రాళ్ళ కుప్ప ఎలా ఉందో పక్కపక్కనే చూసి జనానికి కడుపు మండింది. జులైలో ప్రభుత్వం ఇలాంటి పూడ్చివేతలన్నీ తాత్కాలికంగా ఆపించింది. ఏడాది గడువు దగ్గర పడేసరికి నేషనల్ హైవేస్ చేసిన పనికి తర్వాత పర్మిషన్ అడిగింది. ఈడెన్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌కి 911 అభ్యంతరాలు వచ్చాయి. 2022 జూన్‌లో కౌన్సిల్ పర్మిషన్ ఇవ్వనంది. 2023లో ఆ కంకరా కాంక్రీటూ అంతా తవ్వి తీసేశారు, పోసినదానికంటే తియ్యడానికే ఎక్కువ ఖర్చయింది, వంతెన మళ్ళీ బయటపడింది.

911 మంది. వాళ్ళంతా ఇంజనీర్లు కాదు, లార్డులు కాదు, టీవీలో కనబడేవాళ్ళు కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు వాక్యాలు రాసి పంపినవాళ్ళు. నేను అడగదల్చుకున్న మొదటి పని ఇదే.

మనవాళ్ళలో ఒక మాట వింటుంటా, "మనకెందుకొచ్చిన గొడవండీ, వాళ్ళ దేశం వాళ్ళ వంతెనలు, వాళ్ళు చూసుకుంటారు" అని. వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకా భయం, పేరు ఎక్కడైనా పడితే ఏమవుతుందో అని. ప్లానింగ్ దరఖాస్తు మీద అభిప్రాయం చెప్పడానికి బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు, ఆ ఊళ్ళో ఇల్లు ఉండక్కర్లేదు. కౌన్సిల్ వెబ్‌సైట్లో దరఖాస్తు నంబర్ పెడితే కాగితాలన్నీ ఎవరైనా చదవచ్చు, ఎవరైనా రాయొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, రాసిన అభిప్రాయాలు మామూలుగా అందరికీ కనబడేలా పెడతారు, కాబట్టి మర్యాదగా, కారణం చెప్పి రాయాలి. "ఇది నాకు నచ్చలేదు" అంటే పెద్దగా లెక్కలోకి రాదు, ఫలానా వంతెన మూస్తే ఫలానా నడకదారి తెగిపోతుంది, పాత కట్టడం పోతుంది, గబ్బిలాలుండే చోటు పోతుంది, ఇలా ప్లానింగ్ విషయాలు పట్టుకుని రాస్తే అధికారులు జవాబు చెప్పాల్సి వస్తుంది. మనం ఇక్కడ పన్నులు కడుతున్నాం, మన పిల్లలు ఇక్కడి స్కూళ్ళలో స్టాక్టన్ డార్లింగ్టన్ రైల్వే గురించి ప్రాజెక్టులు చేస్తున్నారు, ఆ రైల్వే రెండొందల ఏళ్ళ పండగ 2025లో జరిగింది. ఆ చరిత్రలో మన పిల్లల వాటా ఉన్నప్పుడు దాన్ని కాపాడే పనిలో మన వాటా ఎందుకుండదు?

ఇంకో మాట, ఇది మన సంఘాల్లో ఉన్న సివిల్, స్ట్రక్చరల్ ఇంజనీర్లకి ప్రత్యేకంగా. మీలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు ఇక్కడి కన్సల్టెన్సీల్లో. ఒక వంతెన ఎన్ని టన్నులు మోస్తుందో లెక్కగట్టిన రిపోర్టు మామూలు మనిషికి అర్థం కాదు, మీకు పది నిమిషాల పని. గ్రేట్ మస్‌గ్రేవ్ విషయంలో కూడా పూడ్చడం అవసరమే లేదు, మామూలు రిపేర్ చాలు అని బయటి ఇంజనీర్లు చెప్పడం వల్లే జనం వాదనకి బలం వచ్చింది. మీ కంపెనీకి ఆ పనితో సంబంధం ఉంటే వద్దులెండి, లేనప్పుడు మాత్రం ఒక దరఖాస్తు వచ్చిందంటే సంఘం వాట్సాప్ గ్రూపులో మీరు నాలుగు ముక్కల్లో అసలు సంగతి చెప్తే వందమంది తెలిసి రాయగలుగుతారు.

నేషనల్ హైవేస్ వాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. 3,100 పాత కట్టడాలు, కొన్ని నిజంగానే కూలే స్థితిలో ఉంటాయి, ఒక రాయి రోడ్డు మీద పడి ఎవరికైనా తగిలితే తప్పు వాళ్ళదే అవుతుంది. రిపేర్‌కి ఏటా డబ్బు కావాలి, ఒకసారి పూడ్చేస్తే మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదు. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. కానీ ఆ లెక్కలో రేపు ఆ దారి ఎవరికైనా కావాల్సొస్తే ఏంటి అన్న ప్రశ్నకి విలువ లేదు. 1963లో బీలాని విప్పినప్పుడూ అంతే, ఉంచితే రంగు వేయించాలి, విప్పితే తుక్కు డబ్బులొస్తాయి. మస్‌గ్రేవ్ తర్వాత వాళ్ళ పద్ధతి కొంత మారింది, ఇప్పుడు బయటివాళ్ళతో ఒక సలహా కమిటీ పెట్టుకుని ముందు మాట్లాడుతున్నారు, అది మంచిదే, మెచ్చుకోవాలి. గొంతెత్తే మనుషులు ఉన్నంతకాలమే ఆ పద్ధతి నిలుస్తుంది.

రెండో పని కమిటీ వాళ్ళకి. లేక్ డిస్ట్రిక్ట్ ట్రిప్ వేసినప్పుడు బస్సుని నేరుగా పెన్రిత్ పోనివ్వకుండా బ్రఫ్ దగ్గర దింపండి, అక్కడినుంచి కర్బీ స్టీవెన్ నాలుగైదు మైళ్ళు. తూర్పు స్టేషన్ చూడండి. లైన్ మూసేశాక అది దారపు కండెలు చేసే మిల్లుగా చాలా ఏళ్ళు ఉంది, ఆ తర్వాత వాలంటీర్లు తీసుకుని పెద్ద కప్పు కింద మళ్ళీ పట్టాలు వేసి బళ్ళు నిలబెట్టారు. వెళ్ళేముందు ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కోవాలి, జీతాల మీద నడిచే చోటు కాదది. పిల్లల్ని వదిలితే ప్రశ్నలకి జవాబు చెప్పే ఓపిక ఉన్న పెద్దవాళ్ళు ఉంటారు అక్కడ. విరాళం డబ్బాలో నాలుగు పౌండ్లు వేయండి.

ఊరి చివర స్టెన్‌క్రిత్ నుంచి హార్ట్‌లీ వైపు పాత రైలు కట్ట మీదే నడకదారి ఉంది, పాడ్‌గిల్, మెర్రీగిల్ వంతెనల మీదుగా పోతుంది. పాడ్‌గిల్‌కి పదకొండు ఆర్చీలు, మెర్రీగిల్‌కి తొమ్మిది. ఒకసారి రైలు కట్ట అన్నాక ఎక్కుడు దిగుడు పెద్దగా ఉండదు కదా, దారి చదునుగా ఉంటుంది, వీల్‌చైర్ కూడా పోతుంది. మన ఇళ్ళకి ఆరు నెలలు ఉందామని ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తుంటారు, మోకాళ్ళ నొప్పులని కొండలెక్కలేక లేక్స్ దగ్గర కారులోనే కూర్చుంటారు, వాళ్ళు ఇక్కడ హాయిగా నడుస్తారు, నడుస్తూ నడుస్తూ ఎనభై అడుగుల ఎత్తు మీద ఉన్నామని మధ్యలో కిందికి చూస్తే గానీ తెలియదు.

స్మార్డేల్ గిల్ వంతెన ఇంకా గొప్పది, పద్నాలుగు ఆర్చీలు, 90 అడుగుల ఎత్తు, చుట్టూ అడవి. 1980ల్లో దీన్ని కూడా కూల్చేద్దామన్నారు. 1989లో నార్తర్న్ వయాడక్ట్ ట్రస్ట్ అని కొంతమంది కూడి దీన్ని బాగు చేయించారు, పాడ్‌గిల్, మెర్రీగిల్ కూడా తర్వాత వాళ్ళ చేతిలోకే వచ్చాయి. ఇప్పుడు ఆ కట్ట పొడుగునా కంబ్రియా వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ వాళ్ళ అభయారణ్యం. స్కాచ్ ఆర్గస్ అని ముదురు గోధుమరంగు సీతాకోకచిలుక ఇంగ్లాండ్ మొత్తంలో రెండే చోట్ల ఉంటుంది, అందులో ఇదొకటి. జులై ఆఖరు నుంచి ఆగస్టులో వెళ్తే కనిపిస్తుంది, ఎండ ఉండాలి. ఎర్ర ఉడతలు కూడా ఉన్నాయి, అదృష్టం ఉంటే. బళ్ళు తిరిగినన్నాళ్ళూ కట్ట పక్క గడ్డిని రైల్వేవాళ్ళు కోస్తూ ఉండేవాళ్ళు కాబట్టి అక్కడ ఎవరూ ఎరువులు చల్లలేదు, దున్నలేదు, అందుకే చుట్టుపక్కల పొలాల్లో లేని పువ్వులు అక్కడ మిగిలాయి.

బీలా దగ్గరికి మాత్రం బస్సు పోదు, అది పొలాల మధ్య ఉంటుంది, పిల్లలతో వెళ్ళే చోటు కాదు. పటం మీద చూపించండి చాలు.

ఏ66 ని స్కాచ్ కార్నర్ నుంచి పెన్రిత్ దాకా పూర్తిగా రెండు వైపులా డబుల్ రోడ్డు చేసే పనికి అనుమతి 2024లో వచ్చింది, డబ్బు కూడా ఇస్తామన్నారు. రోడ్డు బాగుపడితే మనకీ మంచిదే, ఆ కొండ మీద జరిగిన యాక్సిడెంట్లు చాలు. కానీ రోడ్డు పనుల చుట్టుపక్కల ఉన్న పాత రైలు కట్టల మీద, వంతెనల మీద ఏ దరఖాస్తు వస్తుందో కనిపెట్టి చూసే మనుషులు ఒకరిద్దరైనా ప్రతి సంఘంలో ఉండాలని నా కోరిక. వెస్ట్‌మోర్‌లాండ్ అండ్ ఫర్నెస్ కౌన్సిల్, డరమ్ కౌన్సిల్, ఈ రెండు వెబ్‌సైట్లలో నెలకోసారి వెతికితే సరిపోతుంది. డార్లింగ్టన్ వైపు నుంచి ఆ పని నేను చేస్తాను, ఏదైనా కనబడితే తెలుగులో రెండు పేరాలు రాసి అన్ని గ్రూపులకీ పంపుతాను. న్యూకాసిల్ నుంచి ఒకరు, లీడ్స్ నుంచి ఒకరు ముందుకు రండి. వేసవి ట్రిప్ తేదీ ఖాయం చేసేలోపు కమిటీ మీటింగులో ఈ ఉత్తరం చదివి, బస్సు బ్రఫ్ దగ్గర దిగుతుందో లేదో నాకు చెప్పండి.

ఉంటాను,
డార్లింగ్టన్ నుంచి మీ తమ్ముడు